జాన్ బాయ్డ్ డన్‌లప్

జాన్ బాయ్డ్ డన్‌లప్ (ఫిబ్రవరి 5, 1840 - అక్టోబరు 23, 1921) స్కాట్లాండులో జన్మించి ఐర్లాండులో స్థిరపడిన పశువైద్యుడు. ఆచరణయోగ్యమైన గాలి టైరును 1887లో రూపొందించి, 1888లో దానిపై పేటెంటు పొందాడు. గాలి టైరును మొట్టమొదట కనిపెట్టినవాడు ఇతడు కాడు. ఆ ఘనత మరొక స్కాట్లాండు దేశస్థుడైన రాబర్ట్ విలియం థామ్సన్‌కు చెందుతుంది. అయితే లోకమంతటా వాడుకలోకి వచ్చినది డన్‌లప్ టైరే. కారు కుదుపులు తగ్గాలంటే ఏ కొలత టైరు, ఏ కొలత చక్రం ఎంచుకోవాలన్న నేటి ప్రశ్నకు మూలం ఇతడు తన కుమారుని మూడుచక్రాల సైకిలుకు చేసిన మార్పులోనే ఉంది.

బాల్యం, వృత్తి

డన్‌లప్ స్కాట్లాండులోని ఎయిర్‌షైర్ ప్రాంతంలో, డ్రెగ్‌హార్న్ గ్రామంలో ఒక వ్యవసాయ కుటుంబంలో జన్మించాడు. ఎడిన్‌బరోలో పశువైద్యం అభ్యసించి, కొన్ని సంవత్సరాలు స్వదేశంలోనే వైద్యం చేశాడు. 1867లో ఐర్లాండుకు తరలివెళ్ళి, డౌన్‌పాట్రిక్ పట్టణంలో సోదరుడు జేమ్స్‌తో కలసి పశువైద్యశాల నడిపాడు. అటుపిమ్మట బెల్ఫాస్టు నగరంలోని మే వీధిలో నెలకొల్పిన వైద్యశాల 1880 దశకం నాటికి ఐర్లాండులోని పెద్ద పశువైద్యశాలలలో ఒకటిగా పేరుపొందింది. అప్పటికి ఇతనికి నలభై ఏళ్ళు దాటాయి. రబ్బరుతో పనిచేసిన అనుభవం మాత్రం ఇతనికి ముందునుండీ ఉంది. తరువాతి కథకు అదే ఆధారమైంది.

మూడుచక్రాల సైకిలు

ఆనాటి సైకిళ్ళ చక్రాలకు గట్టి రబ్బరు కట్టు గాని, ఇనుప పట్టా గాని ఉండేది. బెల్ఫాస్టు వీధులు రాళ్ళు పరచినవి. కుమారుడు జానీ తన మూడుచక్రాల సైకిలుపై ఆ వీధులలో తిరగటం ఎంతో కష్టంగా ఉండేది. 1887 అక్టోబరులో డన్‌లప్ పలుచని రబ్బరు రేకుతో గొట్టం చేసి, ఒక కొయ్య చక్రానికి చుట్టూ అమర్చి, గాలి నింపి, పైన గుడ్డ చుట్టాడు. ఈ చక్రాన్ని, సైకిలు నుండి తీసిన లోహపు చక్రాన్ని ఇంటి పెరటిలో ఒకదాని తరువాత ఒకటి దొర్లించి చూశాడు. లోహపు చక్రం సగం దూరంలోనే ఆగిపోయింది. గాలి నింపిన చక్రం పెరడు దాటి ద్వారబంధానికి తగిలి వెనుకకు ఎగిరింది.

ఈ పరీక్షలో గమనించదగిన విషయం ఒకటుంది. గట్టి చక్రం ప్రతి రాయి మీదికీ మొత్తం బరువుతో ఎక్కి దిగాలి. అలా ఎక్కి దిగే ప్రతిసారీ శక్తి వ్యర్థమవుతుంది. గాలి టైరు రాయిని తనలోకి తీసుకుంటుంది, ఇరుసు మాత్రం దాదాపు అదే ఎత్తులో సాగిపోతుంది. కనుక కుదుపు తగ్గించటం, సులువుగా దొర్లటం వేరువేరు లాభాలు కావు. ఒకే కారణానికి రెండు ఫలితాలు. డన్‌లప్ మొదట కోరినది సుఖం మాత్రమే. వేగం దాని వెంట వచ్చింది.

1888 జూలై 23న పేటెంటుకు దరఖాస్తు చేయగా, అదే సంవత్సరం డిసెంబరు 7న మంజూరైంది.

పందాలు, వ్యాపారం

బెల్ఫాస్టు సైకిలు సంఘపు నాయకుడు విలీ హ్యూమ్ గాలి టైర్ల సైకిలు కొన్న తొలి పందెగాడు. 1889 మే 18న బెల్ఫాస్టులోని క్వీన్స్ కళాశాల క్రీడలలో ఇతడు పాల్గొన్న నాలుగు సైకిలు పందాలనూ గెలిచాడు. కొద్దికాలానికే లివర్‌పూల్‌లో కూడా ఒకటి తప్ప అన్ని పందాలూ గెలిచాడు. ఓడినవారిలో ఐర్లాండు సైకిలు సంఘాల అధ్యక్షుడు హార్వే డు క్రాస్ కుమారులు ఉన్నారు. తండ్రికి ఈ టైరు విలువ వెంటనే బోధపడింది. 1889లో డబ్లిన్ నగరంలో ఆయన ఆధ్వర్యంలో ఏర్పడిన కంపెనీకి డన్‌లప్ తన పేటెంటు హక్కులను అప్పగించి, వాటాదారుగా చేరాడు.

పేటెంటు రద్దు

రెండేళ్ళు తిరగకముందే డన్‌లప్ పేటెంటు చెల్లదని తేలింది. రాబర్ట్ విలియం థామ్సన్ (1822 - 1873) ఇదే సూత్రంపై 1845లోనే బ్రిటన్‌లో పేటెంటు పొంది ఉన్నాడు. రబ్బరు పూసిన గుడ్డ గొట్టంలో గాలి నింపి, పైన తోలు తొడిగి, గుర్రపు బండ్ల చక్రాలకు అమర్చి, 1847లో లండన్‌లోని రీజెంట్స్ పార్కులో నడిపి చూపించాడు. బండ్లు మెత్తగా సాగాయి, చప్పుడు తగ్గింది. అయినా అప్పటికి సైకిళ్ళు లేవు, మోటార్లు లేవు. రబ్బరు ఖరీదు ఎక్కువ. ఆవిష్కరణ మరుగున పడిపోయింది. డన్‌లప్‌కు ఈ సంగతి తెలియదు. నలభై సంవత్సరాల తరువాత తిరిగి స్వతంత్రంగా అదే దారిలో నడిచాడు.

కంపెనీ మాత్రం నిలిచింది. టైరును చక్రపు అంచుకు గట్టిగా పట్టి ఉంచే పద్ధతులపై వెల్చ్, బార్ట్‌లెట్ అనేవారి పేటెంట్లను కొని వ్యాపారాన్ని కాపాడుకుంది. గాలి నింపే ఆలోచన ఎంత ముఖ్యమో, పంక్చరు అయిన టైరును సులువుగా ఊడదీసి తిరిగి ఎక్కించే వీలు కూడా అంతే ముఖ్యమని దీనివలన తెలుస్తుంది. గుడ్డతో చుట్టి చక్రానికి అంటించిన తొలి డన్‌లప్ టైరుకు ఆ వీలు లేదు.

చివరి దశ

డన్‌లప్ 1892లో డబ్లిన్‌కు మారి, 1895లో కంపెనీతో సంబంధం తెంచుకున్నాడు. మరుసటి సంవత్సరమే డు క్రాస్ ఆ వ్యాపారాన్ని హూలీ అనే ధనికునికి 30 లక్షల పౌండ్లకు విక్రయించగా, అతడు దానిని 50 లక్షల పౌండ్ల విలువతో తిరిగి వాటాల బజారుకెక్కించాడు. ఈ సొమ్ములో డన్‌లప్‌కు దక్కినదేమీ లేదు. అప్పటినుండి నేటివరకు టైర్లపై వెలసిన పేరు ఇతనిదే అయినా, ఆ వ్యాపారంలో ఇతని పాత్ర ఆరు సంవత్సరాలకు మించదు. 1921లో డబ్లిన్‌లోని స్వగృహంలో మరణించాడు. నగర శివారులోని డీన్స్ గ్రేంజ్ శ్మశానవాటికలో సమాధి చేశారు. గాలి టైరు చరిత్రపై ఇతడు వ్రాసుకున్న గ్రంథం మరణానంతరం వెలువడింది.

కారు టైరు

గాలి టైర్లను కారుకు అమర్చి పందెంలో నడిపిన తొలి వారు ఫ్రాన్సు దేశానికి చెందిన మిషెలిన్ సోదరులు. 1895 పారిస్ - బోర్డో - పారిస్ పందెంలో అనేకమార్లు పంక్చరు అయినప్పటికీ వీరు గమ్యం చేరారు. ఆనాటి కారు టైర్లు సన్నగా ఉండి, బరువు మోయటానికి ఎక్కువ పీడనంతో గాలి నింపవలసి వచ్చేది. ఆ కారణంగా అవి గట్టిగా ఉండి, డన్‌లప్ కోరిన మెత్తదనాన్ని చాలావరకు పోగొట్టుకున్నాయి. 1923లో అమెరికాలో ఫైర్‌స్టోన్ సంస్థ లావుపాటి, తక్కువ పీడనపు బెలూన్ టైర్లను విడుదల చేసింది. 1946లో మిషెలిన్ సంస్థ పేటెంటు చేసిన రేడియల్ టైరు పక్కగోడలను సులువుగా వంగేలా చేసింది.

దీని వెనుక లెక్క సరళమైనదే. ఒక చక్రంపై 300 కిలోల బరువు, టైరులో చదరపు అంగుళానికి 32 పౌండ్ల గాలి ఉంటే, నేలను తాకే భాగం సుమారు 130 చదరపు సెంటీమీటర్లు ఉంటుంది, అనగా వేళ్ళతో సహా చాచిన అరచేయంత. బరువును ప్రధానంగా మోసేది గాలి. రబ్బరు దానిని పట్టి ఉంచే సంచి వంటిది. లోపల గాలికి ఎక్కువ చోటు ఉంటే తక్కువ పీడనంతోనే అదే బరువు మోయవచ్చు.

చక్రం కొలత, ప్రయాణ సుఖం

టైరుపై 185/65 ఆర్ 15 అని ఉన్నదనుకుంటే, 185 అనేది మిల్లీమీటర్లలో వెడల్పు, 65 అనేది ఆ వెడల్పులో పక్కగోడ ఎత్తు శాతం, ఆర్ అనగా రేడియల్, 15 అనేది అంగుళాలలో రిమ్ము వ్యాసం. ఈ టైరు పక్కగోడ ఎత్తు సుమారు 120 మిల్లీమీటర్లు, మొత్తం వ్యాసం సుమారు 621. దీని స్థానంలో 195/55 ఆర్ 16 వేస్తే మొత్తం వ్యాసం దాదాపు అంతే ఉంటుంది, కనుక వేగం చూపే ముల్లు తేడా చూపదు. కాని పక్కగోడ 107 మిల్లీమీటర్లకు తగ్గిపోతుంది. గుంత అంచుకు, రిమ్ముకు నడుమ ఉన్న మెత్త 13 మిల్లీమీటర్లు పలుచబడిందన్నమాట. మలుపులలో బండి మరింత నిలకడగా తిరుగుతుంది, కుదుపు మాత్రం పెరుగుతుంది, గుంతలలో రిమ్ము వంగే ప్రమాదమూ పెరుగుతుంది.

భారతదేశంలో ఒకే నమూనా కారును తక్కువ ధర రకానికి చిన్న రిమ్ముతో, ఎక్కువ ధర రకానికి పెద్ద అల్లాయ్ రిమ్ముతో అమ్మటం సాధారణం. అందానికి చెల్లించిన అదనపు ధరతో సుఖం కొంత తగ్గించుకుంటున్నామని కొనుగోలుదారులు గుర్తించటం అరుదు. మెత్తదనం ప్రధానమనుకునేవారు కారు తయారీదారు అదే నమూనాకు అనుమతించిన కొలతలలో చిన్న రిమ్ము, ఎత్తైన పక్కగోడ గల టైరును ఎంచుకోవటం మంచిది. మొత్తం వ్యాసం మారకూడదు, బరువు మోసే సామర్థ్యం తగ్గకూడదు, బ్రేకులకు రిమ్ము తగలకూడదు. గాలి తగ్గించి మెత్తదనం తెచ్చుకోవటం సరికాదు. పక్కగోడ అతిగా వంగి వేడెక్కి, వేగంలో పగిలే ప్రమాదముంది. డ్రైవరు తలుపు ప్రక్కన అతికించి ఉండే పట్టికలోని పీడనాన్నే, టైరు చల్లగా ఉన్నప్పుడు నింపాలి.

తెలుగునాట

పూర్వపు ఎడ్లబండి చక్రం ఎత్తు ఎక్కువ. పెద్ద చక్రం గుంతలోకి తక్కువ దిగుతుంది, రాయిని సులువుగా ఎక్కుతుంది. అయినా ఇనుప పట్టా వలన కుదుపు తప్పదు. పాలమూరు ప్రాంతంలో, అమరచింత సంస్థానానికి రాజధానిగా ఉండిన ఆత్మకూరు (ప్రస్తుతం వనపర్తి జిల్లా) పరిసరాలనుండి కార్తీకమాసంలో కురుమూర్తి జాతరకు బండ్లు కట్టుకొని వెళ్ళేవారు బండిలో మందంగా గడ్డి పరచి, పైన బొంత వేసుకొని కూర్చునేవారు. కూర్చున్నవారి క్రింద ఉండే ఆ మెత్తను డన్‌లప్ చక్రం క్రిందికి మార్చాడు. మెత్త ఇరుసుకు దిగువన ఉంటే మనుషులతో పాటు బండికీ, ఎడ్లకూ సుఖమే.

తరువాతి కాలంలో రబ్బరు టైర్ల బండ్లు వచ్చాయి. వీటి చక్రాలు చిన్నవి. ఎత్తు తగ్గిన లోటును గాలి తీరుస్తుంది. దేశంలోని కొన్ని ప్రాంతాలలో వీటిని డన్‌లప్ బండ్లనే పిలుస్తారు. తెలుగులో టైరు బండి అనటం పరిపాటి. డన్‌లప్ సంస్థ భారతీయ కర్మాగారాలు పశ్చిమ బెంగాల్‌లోని సాహాగంజ్‌లో 1936లోను, మద్రాసు సమీపాన అంబత్తూరులో 1959లోను ప్రారంభమయ్యాయి. ఇవి తరువాత మూతపడ్డాయి. తెలంగాణలో మెదక్ ప్రాంతపు సదాశివపేటలో ఎం.ఆర్.ఎఫ్. టైర్ల కర్మాగారం ఉంది.

ఇతర విశేషాలు

ఉత్తర ఐర్లాండులో నార్తర్న్ బ్యాంకు జారీచేసిన పది పౌండ్ల నోటుపై పొడవైన తెల్లని గడ్డంతో డన్‌లప్ చిత్రం ముద్రించబడింది. థామ్సన్ స్వస్థలం స్కాట్లాండులోని స్టోన్‌హేవెన్.