వెండి హృదయాలు రెండు

జనవరి 31న బడులున్న మన విచారణలలో పునీత డాన్ బోస్కో గారి పండుగ జరుగుతుంది. పిల్లలు పాటలు పాడతారు, మిఠాయిలు పంచుకుంటారు. సరిగ్గా అవే రోజుల్లో పదో తరగతి పిల్లల ముఖాలు పరీక్షల బెంగతో వాడిపోయి ఉంటాయి. ఆయన అనాథలను చేరదీసిన సంగతి మీకు తెలిసిందే. మరి ఆయన దగ్గర పెరిగిన పిల్లలు అంత సంతోషంగా ఎలా ఉండగలిగారో ఎప్పుడైనా ఆలోచించారా?

ఆయన 1815 ఆగస్టు 16న ఉత్తర ఇటలీలోని బెక్కి అనే పల్లెలో పుట్టారు. రెండేళ్ళు నిండకముందే తండ్రి పోయారు. తల్లి మార్గరీతమ్మకు చదువు రాదు, కాని కష్టపడి ముగ్గురు పిల్లలను పెంచింది. 1841 జూన్ 5న ఆయన గురుపట్టం పొంది టూరిన్ నగరానికి వచ్చారు. అక్కడ పల్లెల నుంచి కూలికి వలస వచ్చిన కుర్రాళ్ళు తాపీ పనుల్లో, వీధుల్లో కనిపించారు. ఆదివారాల్లో వాళ్ళను పోగుచేసి జపం, ఆట, అక్షరాలు నేర్పడం మొదలుపెట్టారు. ఎక్కడా నిలువ నీడ దొరకక, చివరికి 1846 ఈస్టర్ నాడు వాల్దొక్కోలో ఒక షెడ్డు అద్దెకు తీసుకున్నారు.

ఆ జూలైలోనే ఆయన పని భారానికి కుప్పకూలారు. బ్రతకరని వైద్యులు ఆశ వదులుకున్నారు. అప్పుడు ఆ కుర్రాళ్ళు ఏం చేశారో చూడండి. సున్నం అంటిన బట్టలతో పని నుంచి నేరుగా పరుగెత్తుకొచ్చారు. వంతులవారీగా మరియమాత గుడిలో మోకరించారు. కొందరు నెలల తరబడి రొట్టె, నీళ్ళతోనే ఉంటామని మొక్కుకున్నారు. ఆయన కోలుకుని వచ్చిన రోజున కుర్చీలో కూర్చోబెట్టి మోసుకొచ్చారు. తన ప్రాణం వాళ్ళు పెట్టిన భిక్షేనని, ఇక అది వాళ్ళదేనని ఆయన కన్నీళ్ళతో చెప్పారు. తర్వాత ఒక్కొక్కరినీ పక్కకు పిలిచి, ఆరోగ్యం పాడయ్యేలాంటి మొక్కులను తేలికైన మొక్కులుగా మార్చారు. నాకు ఈ చివరి సంగతే ఎక్కువ నచ్చుతుంది. పిల్లల ప్రేమను అందుకుంటూనే వాళ్ళ కడుపు గురించి కూడా ఆలోచించారు.

ఆ నవంబరులో మార్గరీతమ్మ కొడుకు వెంట టూరిన్ వచ్చి, అందరికీ అమ్మ అయింది. 1847 మే నెలలో ఒక వానరాత్రి తడిసి ముద్దయిన అనాథ కుర్రాడు తలుపు తట్టాడు. అంతకుముందు ఆశ్రయమిచ్చిన కొందరు దుప్పట్లతో ఉడాయించారు. అయినా ఆమె వేడి సూపు పోసి, ఇటుకల మీద పలకలు పరచి వంటింట్లోనే పడక వేసింది. పడుకోబోయే ముందు నాలుగు మంచి మాటలు చెప్పింది. (తలుపుకు తాళం మాత్రం వేశారు, గిన్నెల మీద బెంగతో!) రాత్రి జపం తర్వాత పిల్లలకు రెండు మాటలు చెప్పి నిద్రకు పంపే అలవాటు సలేసియన్ బడుల్లో అలా మొదలైంది.

ఇక వెండి హృదయాల సంగతి. కార్లో గస్తీని అనే కుర్రాడు మంగలి దుకాణంలో పని నేర్చుకుంటుండగా డాన్ బోస్కో గారు అతనిచేత గడ్డం గీయించుకుని స్నేహం చేసుకున్నారు. 1849లో ఆయన నామపండుగకు గస్తీని, అతని మిత్రుడు ఫెలీచె రెవీలియో రహస్యంగా పైసా పైసా కూడబెట్టి రెండు చిన్న వెండి హృదయాలు కొన్నారు. స్నాపక యోహాను గారి పండుగకు ముందు రాత్రి, అందరూ నిద్రపోయాక, ఆయన గది తలుపు తట్టి చేతిలో పెట్టారు. సంగతి తెలిసి మిగతా పిల్లలు నొచ్చుకున్నారు, తమను ఎందుకు కలుపుకోలేదని. మరుసటి ఏడు నుంచి అది అందరి పండుగ అయింది. ఎవరూ ఆజ్ఞాపించలేదు, చందా వేయలేదు. 1870 జూన్ 24న అదే గస్తీని, పెద్దవాడై, పాత విద్యార్థులను వెంటబెట్టుకుని కాఫీ కప్పులు కానుకగా తెచ్చాడు. పూర్వ విద్యార్థుల సంఘానికి అదే నాంది.

అయితే అంతా ఎప్పుడూ అలాగే ఉండలేదు. ఇల్లు పెరిగింది, హైస్కూలు తరగతులు వచ్చాయి, పిల్లలు వందల్లో చేరారు. 1884 మే 10న రోమ్ నుంచి ఆయన ఒక ఉత్తరం పంపారు. కలలో రెండు ముంగిళ్ళు చూశానని అందులో తెలిపారు. పాత ముంగిట్లో గురువులూ పిల్లలూ కలిసి ఆడుతున్నారు. కొత్త ముంగిట్లో పిల్లలు విసుగ్గా, అనుమానంగా మూలల్లో నిలబడ్డారు. పెద్దలు దూరం నుంచి కాపలా కాస్తున్నారు. పిల్లలను ప్రేమిస్తే చాలదనీ, తమను ప్రేమిస్తున్నారని వాళ్ళకు తెలియాలనీ ఆయన బాధతో వివరించారు. పెద్దలను తిరిగి ఆటస్థలానికి రమ్మని బ్రతిమాలారు.

ఈసారి మీ పిల్లల బడికి మార్కుల కోసం వెళ్ళినప్పుడు, విరామ సమయంలో అయ్యవార్లు, అమ్మవార్లు ఎక్కడ ఉంటున్నారో కూడా చూసి రండి. మన ఇళ్ళల్లో మనం ఎక్కడ ఉంటున్నామో నేను అడగను.

ఆ ఉత్తరం పంపేనాటికి ఆయనకు 68 ఏళ్ళు. కాళ్ళు వాచి, చూపు మందగించి, ముంగిట్లో పరుగెత్తే శక్తి ఆయనకు లేదు. 1888 జనవరి 31న, తెల్లవారకముందే, వాల్దొక్కోలో పిల్లల మధ్యే కన్నుమూశారు.