హార్మోన్ గుట్టు విప్పిన సర్జన్

ఎనభై ఏళ్ల కిందటి మాట. ప్రోస్టేట్ క్యాన్సర్ ఎముకలకు పాకిందంటే డాక్టర్ల చేతిలో పెద్దగా ఏమీ ఉండేది కాదు. నడుము, తుంటి నొప్పితో మంచం పట్టిన మనిషికి నొప్పి తగ్గించే మందులే దిక్కు. అలాంటి రోగుల్లో చాలామందిని మళ్లీ లేచి కూర్చునేలా చేసిన వైద్యుడు చార్లెస్ హగిన్స్.

ఆయన 1901లో కెనడాలోని హాలిఫాక్స్‌లో పుట్టారు. తండ్రి మందుల షాపు నడిపేవారు. హగిన్స్ హార్వర్డ్‌లో వైద్యం చదివి, 1924లో పట్టా అందుకున్నారు. సర్జరీలో శిక్షణ పొంది, 1927లో షికాగో యూనివర్సిటీలో కొత్తగా ఏర్పడిన వైద్య విభాగంలో చేరారు. ఆయన నేర్చుకున్నది జనరల్ సర్జరీ. అక్కడ అప్పగించిన బాధ్యత మాత్రం మూత్రవ్యాధుల విభాగం. దాన్ని ఆయన పుస్తకాలతో కుస్తీ పట్టి నేర్చుకున్నారు.

పురుషుల్లో మూత్రాశయం కింద ఉండే ప్రోస్టేట్ గ్రంథి ఆయన దృష్టిని ఆకర్షించింది. అది స్రవించే ద్రవం గురించి కుక్కల మీద పరిశోధన చేశారు. వయసు మీరిన కుక్కలకూ మనుషుల్లాగే ఈ గ్రంథిలో కణితులు వస్తాయి. వృషణాలు తొలగించినా, స్త్రీ హార్మోన్ ఈస్ట్రోజెన్ ఇచ్చినా ఆ గ్రంథి కుంచించుకుపోవడం గమనించారు. మరి మనుషుల్లో వచ్చే క్యాన్సర్ మాటేమిటి?

1941లో సహచరుడు క్లారెన్స్ హాడ్జెస్‌తో కలిసి ఆయన దీనికి జవాబు ప్రచురించారు. వ్యాధి ముదిరిన రోగులకు వృషణాలు తొలగిస్తే లేదా ఈస్ట్రోజెన్ ఇస్తే, రక్తంలో ఆసిడ్ ఫాస్ఫటేజ్ అనే ఎంజైమ్ తగ్గింది. పురుష హార్మోన్ ఇంజెక్షన్ ఇస్తే పెరిగింది. చాలామందికి నొప్పి తగ్గి, ఆకలి పుట్టింది. క్యాన్సర్ ఎవరి మాటా వినదు, దానంతట అదే పెరుగుతుందని అనుకుంటున్న రోజులవి. అది కూడా శరీరంలోని హార్మోన్ మీద ఆధారపడి బతుకుతుందని హగిన్స్ తేల్చారు. ఇందుకు 1966లో నోబెల్ బహుమతిని పేటన్ రౌస్‌తో కలిసి అందుకున్నారు.

అయితే కథ అక్కడితో ముగియలేదు. నెలలో, ఏళ్లో గడిచాక చాలామందిలో క్యాన్సర్ మళ్లీ విజృంభించేది. మూత్రపిండాల మీద ఉండే అడ్రినల్ గ్రంథుల నుంచి కూడా కొంత పురుష హార్మోన్ వస్తుందని తెలిసి, 1945లో హగిన్స్ వాటినీ తొలగించి చూశారు. ఆ గ్రంథులు లేకుండా మనిషిని నిలబెట్టే కార్టిసోన్ అప్పటికి చేతికి రాలేదు. ఆ ప్రయత్నం ఫలించలేదు. హార్మోన్ దాదాపు లేకుండా చేసినా క్యాన్సర్ ఎలా పెరుగుతోందన్న ప్రశ్న అలాగే మిగిలిపోయింది.

జవాబు జన్యువుల్లో దొరికింది. హార్మోన్ ఒక్కటే ఏమీ చేయలేదు. కణంలో దాన్ని పట్టుకునే ప్రొటీన్ ఉండాలి. దాన్నే ఆండ్రోజెన్ రిసెప్టర్ అంటారు. దాన్ని తయారుచేసే జన్యువు ఎక్స్ క్రోమోజోమ్ మీద ఉంటుంది కాబట్టి, మగవారి కణంలో మామూలుగా ఒక్క ప్రతే ఉంటుంది. 1995లో ఫిన్లాండ్‌కు చెందిన తపియో విసాకోర్పి బృందం హార్మోన్ చికిత్స తర్వాత తిరగబెట్టిన కణితులను పరీక్షించింది. సుమారు 30 శాతం కణితుల్లో ఈ జన్యువుకు అదనపు ప్రతులు కనిపించాయి. అదే రోగుల్లో చికిత్సకు ముందు తీసిన నమూనాల్లో అవి లేవు. సన్నటి జల్లు పడుతున్నప్పుడు చూరు కింద ఒక బిందెకు బదులు పది బిందెలు పెట్టినట్టు, కాస్తంత హార్మోన్‌నూ వదలకుండా పట్టుకోవడానికి కణం రిసెప్టర్లను పెంచుకుంటోందన్నమాట.

2004లో చార్లెస్ సాయర్స్ బృందం ఎలుకల్లో మనుషుల కణితులు పెంచి దీన్ని బలపరిచింది. రిసెప్టర్ ఎక్కువైతే చాలు, చికిత్సకు కణితి లొంగకుండా పోతోంది. దాన్ని అడ్డుకోవాల్సిన పాత మందు కూడా ఒక్కోసారి కణితికే ఊతమిస్తోంది.

ఈ అవగాహనతోనే రిసెప్టర్‌ను గట్టిగా బంధించే ఎంజాలుటమైడ్ మందు తయారైంది. అడ్రినల్ గ్రంథుల్లోనూ, కణితిలోనూ హార్మోన్ తయారీని ఆపే అబిరాటిరోన్ మరొకటి. హగిన్స్ కత్తితో సాధించాలనుకున్న పనిని ఇప్పుడు మాత్ర చేస్తోంది. ఆయన 1997 జనవరిలో, 95వ ఏట షికాగోలో కన్నుమూశారు.

ఆయన జీవితం నుంచి మన ఇళ్లలోని పెద్దవారు గుర్తుంచుకోవాల్సిన మాట ఒకటుంది. హార్మోన్ చికిత్సలో ఉన్నప్పుడు పీఎస్ఏ తగ్గిందని సొంతంగా ఇంజెక్షన్లు మానేయకూడదు. మళ్లీ పెరిగిందని ఇక దారి లేదనుకోనూ కూడదు. క్యాన్సర్ ఎత్తు మార్చిందని, వైద్యమూ మారాలని మాత్రమే దానర్థం. రాత్రిళ్లు పదేపదే మూత్రానికి లేవాల్సి వస్తే అన్నిసార్లూ అది క్యాన్సర్ కాదు. అలాగని వయసు మీద నెట్టేయకుండా యూరాలజిస్టుకు చూపించుకోవాలి. తండ్రికో, అన్నదమ్ములకో ఈ జబ్బు వచ్చి ఉంటే, లక్షణాలు లేకపోయినా ముందే డాక్టర్‌తో మాట్లాడటం మంచిది.