లెక్క వ్రాసిన దాది: ఫ్లారెన్సు నైటింగేలు

నైటింగేలమ్మ పేరు వినగానే, దీపము చేత పట్టుకొని గాయపడిన సిపాయిల మంచముల నడుమ తిరిగిన స్త్రీ మన కన్నుల యెదుట నిలుచును. సండేస్కూలు పిల్లలకు సైతము ఆ కథ తెలియును. అయితే ఆమె రెండవ చేతిలోని లెక్కల పుస్తకమును గూర్చి చెప్పువారు తక్కువ. ఈ నెల మేము దానినిగూర్చి వ్రాయుచున్నాము.

ఆమె 1820 మే 12న ఇటలీలోని ఫ్లారెన్సు పట్టణములో కలవారైన ఆంగ్లేయులకు పుట్టెను. పదునారేండ్ల ప్రాయమున దేవుడు తన్ను సేవకు పిలిచెనని నమ్మెను. రోగుల సేవ తలవంపులని తల్లియు అక్కయు అడ్డుపడగా చాల ఏండ్లు గడచిపోయెను. కడకు 1851లో జర్మనీలోని కైసర్స్‌వెర్తులో, ఫ్లీడ్నరు పాస్టరుగారు నడుపుచుండిన డీకనెస్సుల గృహమున మూడు మాసములు పని నేర్చుకొనెను.

క్రిమియా యుద్ధమప్పుడు, 1854లో, 38 మంది నర్సులతో స్కుటారి ఆసుపత్రికి వెళ్లెను. ఆ స్థలము నేడు ఇస్తాంబులు నగరములో భాగము. అక్కడ గాయములకంటె జ్వరములును విరేచనములును ఎక్కువమందిని చంపుచుండెను. చనిపోయినవారిని మూడు పుస్తకములలో వ్రాయుచుండిరి. ఆ మూడింటి లెక్కలును కలియలేదు! స్వదేశము చేరిన పిమ్మట ఆమె, విలియం ఫారు అను లెక్కల నిపుణుని సాయముతో, ఆ మరణములను నెలవారీగా రంగుల పటములలో చూపించెను. 1858లో లండను స్టాటిస్టికల్ సొసైటీ ఆమెను చేర్చుకొనెను. ఆ సంఘములో మొదటి స్త్రీ సభ్యురాలు ఆమెయే. ఆసుపత్రులన్నియు ఒకే తీరున లెక్క వ్రాయవలెనని నమూనా కాగితములు తయారుచేసి, 1860లో లండనులో కూడిన అంతర్జాతీయ సభకు పంపెను. అప్పటికే ఆమె ఆరోగ్యము చెడి, చాల కాలము మంచము మీదనుండియే పని చేయుచుండెను.

లివర్పూలులో విలియం రాత్‌బోను అను వర్తకుడుండెను. 1859లో అతని భార్య జబ్బుపడి చనిపోయినది. ఇంటనే ఆమెకు ఉపచారము చేసిన నర్సు మేరీ రాబిన్సనును అతడు మరల జీతమునకు కుదిర్చి, ఊరిలోని బీదరోగుల ఇండ్లకు పంపెను. ఈ పని పెరుగవలెనంటే నర్సులేరి? 1861లో అతడు నైటింగేలమ్మకు జాబు వ్రాయగా, నర్సులను మీరే తయారుచేసికొనుడని ఆమె సలహా యిచ్చెను. శిక్షణ పాఠశాల లేచెను. పట్టణమును 18 భాగములుగా విడదీసి నర్సులను పంపిరి. ఊరిని భాగములుగా పంచి నర్సులను బీదల ఇండ్లకు పంపు పద్ధతికి ఇంగ్లండులో ఆరంభమిదియే.

మాకు అన్నిటికంటె గొప్పగా తోచునది వేరొకటి. ఆమె నిధి సొమ్ముతో లండనులోని కింగ్స్ కాలేజి ఆసుపత్రిలో మంత్రసానులకు శిక్షణనిచ్చు కాన్పుల వార్డు నడుచుచుండెను. అక్కడ బాలింత జ్వరముతో తల్లులు చనిపోవుచుండిరి. 1867లో దానిని మూసివేసిరి. ఆమె ఊరకుండలేదు, దాచిపెట్టను లేదు. కాన్పుల ఆసుపత్రుల లెక్కలను, ఇండ్లలో జరిగిన కాన్పుల లెక్కలను కూర్చి 1871లో పుస్తకము ప్రకటించెను. లె ఫోర్టు అను ఫ్రెంచి వైద్యుడు పోగుచేసిన లెక్కల ప్రకారము, ఆసుపత్రులలో వేయిమంది తల్లులకు 34 మంది, ఇండ్లలో వేయికి 5 మందికి లోపుగా చనిపోయిరి. లెక్కలలో లోపములున్నవని ఆమెయే ఒప్పుకొనెను. అయినను గుడిసెలో కనిన బీదరాలు ఆసుపత్రిలో కనినదానికంటె క్షేమముగా నున్నదను సంగతి మరుగుపడలేదు. కాన్పు చేయువారి చేతుల శుభ్రతను వైద్యులు ఇంకను పట్టించుకొనని దినములవి. నేటి ఆసుపత్రులకు ఆ లెక్క వర్తించదు.

ఇది చదివినప్పుడు మేము మా సంఘపు మరణముల రిజిష్టరు తెరచి చూచితిమి. పేరు, వయస్సు, సమాధి చేసిన తేదీ ఉన్నవి. ఏ జబ్బో, ఎన్నాళ్లు మంచమున ఉండిరో, ఎవరైన చూచిరో లేదో ఒక్క పుటలోను లేదు. వ్రాసినది మేమే.

ఆమె 1910 ఆగస్టు 13న లండనులోని తన యింట, నిద్రలోనే కన్నుమూసెను. వెస్టుమినిస్టరు ఆబీలో సమాధి చేయుదుమనగా బంధువులు వద్దనిరి. ఈస్టు వెల్లో గ్రామపు చర్చి ఆవరణలో కుటుంబ సమాధిలో ఉంచిరి. రాతిమీద ఆమెకై చెక్కినవి పేరులోని రెండు పొడి అక్షరములు, పుట్టిన సంవత్సరము, పోయిన సంవత్సరము.