బిరబాన్ అను డేగ

లూకా సువార్త తెలుగులో మన యింట నున్నది గనుక దానిని తెరచి చదువుట మనకు గొప్ప సంగతిగా తోచదు. అదే సువార్తను తన భాషలోనికి తెచ్చుటకు పాటుపడియు, దానిని అచ్చులో చూడక మరణించిన యొకని గూర్చి ఈ నెల వ్రాయదలచితిమి.

ఆస్ట్రేలియా దేశమున, న్యూకాసిల్ పట్టణమునకు దక్షిణముగా లేక్ మెక్వారీ అను పెద్ద ఉప్పునీటి సరస్సు కలదు. ఆ ప్రాంతపు ఆదివాసులలో సుమారు 1800లో బిరబాన్ జన్మించెను. ఆ పేరునకు డేగ అని అర్థము. పసితనముననే తెల్లవారు అతనిని సిడ్నీకి కొనిపోయిరి. అచ్చట నొక సైనికాధికారి యొద్ద పెరిగి ఇంగ్లీషు బాగుగా నేర్చెను. వారతనికి మెగిల్ అని పేరు పెట్టిరి. అయినను అతడు తన జనుల భాషను మరువలేదు. పెద్దవాడై వారి మధ్యకే తిరిగి వచ్చెను.

1825లో లండన్ మిషనరీ సొసైటీవారి త్రెల్కెల్డ్ దొరగారు ఆ సరస్సు తీరమునకు వచ్చిరి. ఈ సొసైటీ మనకు క్రొత్తది కాదు. 1805లో విశాఖపట్టణమునకు వచ్చిన క్రాన్, డెగ్రాంజి దొరలు దీనివారే. వారి తెలుగు తర్జుమాకు ఆనందరాయరుగారు తోడ్పడినట్లే, త్రెల్కెల్డ్‌గారికి బిరబాన్ తోడ్పడెను. అయితే ఆనందరాయరుగారు క్రైస్తవులు. బిరబాన్ బాప్తిస్మము పొందలేదు. అయినను దొరగారికి గురువు అతడే యని మేము చెప్పుదుము. ఆ భాషకు అంతవరకు లిపి లేదు.

1830లో గవర్నరు డార్లింగుగారు ఈ సహాయమునకు బహుమానముగా అతనికొక ఇత్తడి బిళ్ల నిచ్చిరి. అదే ప్రభుత్వపు న్యాయస్థానములో మాత్రము, క్రైస్తవుడు కాడు గనుక ప్రమాణము చేయుటకు అతనికి అధికారము లేకపోయెను. ఆదివాసుల తగవులలో దొరగారు దుబాసిగా నిలువగా, బిరబాన్ ప్రక్కన నుండి సహాయము చేసెను. మెడలో బిళ్ల కట్టినవారే అతని మాటను చెల్లనీయకపోయిరి!

1831 ప్రాంతమున ఇరువురును లూకా సువార్తకు పూనుకొనిరి. దొరగారు ముమ్మారు వ్రాసిరి. ఇద్దరును కూర్చుండి వాక్యము వెంబడి వాక్యము సరిచూచిరి. అప్పటికే సొసైటీవారు ఖర్చు అధికమని 1828లో దొరగారిని విడిచివేసియుండిరి. ప్రభుత్వమిచ్చిన కొద్ది జీతముతో పని సాగెను. 1834లో వ్యాకరణము అచ్చయినది.

ఇంతలో చదువవలసినవారే తరిగిపోయిరి. వలసవచ్చినవారు భూములను ఆక్రమించిరి. వారు తెచ్చిన రోగములును సారాయియు, వారు చేసిన దౌర్జన్యమును ఆ జనమును నాశనము చేసెను. 1841లో మిషను మూయబడెను. 1846లో బిరబాన్ మరణించెను. 1859లో దొరగారును గతించిరి. సువార్త మాత్రము 1892లో, అనగా బిరబాన్ పోయిన నలువదియారేండ్లకు, సిడ్నీలో అచ్చయినది. ఆ భాషకు అవబకాల్ అను పేరు కూడ అచ్చువేయించిన ఫ్రేజర్ పండితులు పెట్టినదే.

ఒక పుస్తకము సిద్ధమగునప్పటికి చదువువారు లేకపోవుట యెంత దుఃఖకరమో మేము మా గ్రామములో బైబిలు పంచునపుడెల్ల తలంచుచుందుము. అయితే ఆ జనుల సంతతివారు బొత్తిగా లేకపోలేదు. నేడు న్యూకాసిల్‌లో వారు ఆ వ్యాకరణమును, ఆ లూకా సువార్తను ముందుంచుకొని, తమ పితరుల మాటలను ఒక్కొక్కటిగా తిరిగి నేర్చుకొని పిల్లలకు చెప్పుచున్నారు.