చందమామ ఏటా దూరమవుతోంది.. ఆ లెక్క వేసింది డార్విన్ కొడుకు!

డార్విన్ అనగానే జీవపరిణామ సిద్ధాంతమే గుర్తొస్తుంది. కానీ ఆ ఇంట్లో ఇంకో సైంటిస్ట్ కూడా ఉన్నారు. తండ్రి జీవుల పుట్టుక వెతికితే, ఈయన చందమామ పుట్టుక వెతికారు. ఆయనే జార్జ్ డార్విన్.

1845లో ఇంగ్లండ్‌లోని డౌన్ గ్రామంలో పుట్టారు. చార్లెస్ డార్విన్‌కు రెండో కొడుకు. 1868లో కేంబ్రిడ్జ్‌ మ్యాథ్స్‌ పరీక్షలో సెకండ్ ర్యాంక్ కొట్టి, తర్వాత లా చదివారు. ఆరోగ్యం సహకరించక ఆ వృత్తి వదిలేసి మళ్లీ లెక్కల్లోకే వచ్చేశారు. సైన్స్‌కు అదే కలిసొచ్చింది.

ఆయన పట్టుకున్న సబ్జెక్ట్.. ఆటుపోట్లు. చంద్రుడి ఆకర్షణకు సముద్రమే కాదు, నేల కూడా కొద్దిగా ఉబ్బుతుంది. చంద్రుడు ఒక చుట్టు తిరగడానికి 27 రోజులకు పైనే పడుతుంది. భూమి మాత్రం 24 గంటల్లోనే గిర్రున తిరిగేస్తుంది. దాంతో ఆ ఉబ్బు చంద్రుడి కంటే కాస్త ముందుకు వెళ్లి, అతన్ని ముందుకు లాగుతుంది. అలా చంద్రుడు కొంచెం కొంచెంగా పెద్ద కక్ష్యలోకి జరుగుతాడు. మరి ఆ శక్తి ఎక్కడిది? భూమి తిరుగుడు నుంచే. అందుకే మన రోజు కూడా మెల్లగా పొడుగవుతోంది.

జార్జ్ ఈ సినిమాను రివర్స్‌లో నడిపారు. లెక్క వెనక్కి వెళ్తే చంద్రుడు భూమికి దాదాపు ఆనుకుని, రోజు 5 గంటల చిల్లరే ఉన్న కాలం వచ్చింది! అక్కడి నుంచి ఇంత దూరం రావడానికి కనీసం 5 కోట్ల ఏళ్లకు పైనే పట్టి ఉంటుందని తేల్చారు. అంటే చంద్రుడు భూమి నుంచి ఊడిన ముక్కే అన్నది 1879 నాటికి ఆయన చేసిన ఊహ.

ఆ ఊహ నిలబడలేదు. అంగారకుడంత గ్రహం భూమిని ఢీకొట్టినప్పుడు ఎగిసిన శిథిలాలే చంద్రుడయ్యాయని ఇప్పుడు ఎక్కువ మంది సైంటిస్టులు నమ్ముతున్నారు. ఆటుపోట్ల లెక్క మాత్రం చెక్కుచెదరలేదు. మార్స్ చుట్టూ తిరిగే ఫోబోస్‌కు అదే సూత్రం రివర్స్‌లో పనిచేస్తోంది. మార్స్ ఒకసారి తిరిగేలోపు అది మూడు చుట్లు కొట్టేస్తుంది. ఉబ్బు వెనకబడి దాన్ని వెనక్కి గుంజుతుంది. పాపం.. కొన్ని కోట్ల ఏళ్లలో అది ముక్కలవడమో, మార్స్ మీద పడటమో ఖాయం.

మన దేశ రేవుల ఆటుపోట్ల రికార్డులనూ జార్జ్ వదల్లేదు. భూమి లోపల ఎంత గట్టిగా ఉందో వాటితోనూ అంచనా కట్టారు. 1883లో కేంబ్రిడ్జ్‌లో ప్రొఫెసర్ అయ్యారు. 1905లో సర్ బిరుదు వచ్చింది. 1912 డిసెంబర్ 7న కన్నుమూశారు.

ఆ తర్వాత 57 ఏళ్లకు అపోలో 11 వ్యోమగాములు చంద్రుడిపై అద్దాలు పెట్టి వచ్చారు. వాటికి లేజర్ కొట్టి కొలిస్తే.. చందమామ నిజంగానే దూరం వెళ్తున్నాడు. ఏడాదికి 3.8 సెంటీమీటర్లు!