దక్కనీకి ఇల్లు కట్టిన డాక్టర్ జోర్

అమీర్‌పేట, పంజాగుట్ట ప్రాంతాల్లో బడికి వెళ్లే పిల్లలకు కొన్ని వ్యాసాలు తప్పవు. హైదరాబాద్ నగర నిర్మాణం, కులీ కుతుబ్ షా కవిత్వం, భాగమతి కథ, మాతృభాష గొప్పదనం... వ్యాసరచన పోటీల్లోనూ వక్తృత్వ పోటీల్లోనూ తిరిగి తిరిగి వచ్చే అంశాలివి. పిల్లలు గైడు చూసి రాస్తారు, లేదా ఇంట్లో పెద్దలు చెప్పింది రాస్తారు. ఆ గైడులోని సంగతులను మొదట ఎవరు వెతికి తీశారో, ఏ అటకల మీది నుంచి దించారో వారికి తెలియదు. పెద్దలకు తెలిసిందీ అంతంత మాత్రమే. అలా వెతికిన వారిలో ముందుగా చెప్పుకోవలసిన పేరు డాక్టర్ సయ్యద్ మొహియుద్దీన్ ఖాద్రీ జోర్. ఆయన స్థాపించిన సంస్థ ఈ బడులకు కూతవేటు దూరంలో, పంజాగుట్టలోనే ఉంది.

జోర్ సాహెబ్ 1905లో హైదరాబాద్‌లో, సూఫీ సంప్రదాయం గల కుటుంబంలో జన్మించారు. జోర్ అనేది ఆయన కలం పేరు. మనిషి చేసిన పని చూస్తే ఆ పేరు ఊరికే పెట్టుకున్నది కాదనిపిస్తుంది. ఉస్మానియా విశ్వవిద్యాలయం 1918లో వెలసింది. ఉన్నత విద్య అంతా ఉర్దూలో చెప్పిన ఆ విశ్వవిద్యాలయంలో తొలినాళ్ల విద్యార్థుల్లో ఆయన ఒకరు. అక్కడ ఎం.ఏ. పూర్తి చేసి లండన్ వెళ్లి డాక్టరేట్ పొందారు. పారిస్‌లో ధ్వనిశాస్త్రం చదివారు. 1930లో హిందుస్తానీ భాష ధ్వనుల మీద ఇంగ్లీషులో ఒక గ్రంథం, 1932లో హిందుస్తానీ లిసానియాత్ అనే భాషాశాస్త్ర గ్రంథం వెలువరించారు.

అంత దూరం వెళ్లి చదివిన మనిషి తిరిగి వచ్చి దేని మీద దృష్టి పెట్టారన్నదే మాకు ముఖ్యమనిపిస్తుంది. ఆయన పట్టించుకున్నది ఢిల్లీ, లక్నోల ఉర్దూను కాదు, మన గల్లీల్లో మాట్లాడే దక్కనీని. హౌ, నక్కో, కైకు అంటే ఉత్తరాది వారు ఈనాటికీ నవ్వుతారు. సినిమాల్లో ఆ యాసను హాస్యానికే వాడుకుంటారు. మనలో కొందరు చదువుకున్నవారు సైతం పిల్లలు ఇంట్లో నక్కో అంటే నహీ అనమని సరిదిద్దుతారు. ఆ రోజుల్లోనూ పరిస్థితి ఇంతే. ఉర్దూ సాహిత్య చరిత్ర అంటే ఉత్తరాదితో మొదలై ఉత్తరాదితో ముగిసేదన్న అభిప్రాయమే బలంగా ఉండేది. వలీకి ముందు దక్కనులో ఏముందని అడిగేవారు. ఉత్తరాదిలో ఉర్దూ కవిత్వం ఇంకా కళ్లు తెరవని కాలంలోనే గోల్కొండలోనూ బీజాపూర్‌లోనూ దీవాన్లు, మస్నవీలు, వచన గ్రంథాలు పుట్టాయని చూపించడానికి జోర్ సాహెబ్ జీవితమంతా వెచ్చించారు. అది మాటలతో చూపించే పని కాదు. రాతప్రతులు కావాలి.

అందుకోసమే 1931లో మిత్రులతో కలిసి ఇదారె అదబియాతె ఉర్దూ అనే సంస్థను స్థాపించారు. పాత ఇళ్లలో చెదలు పడుతున్న రాతప్రతులను, ఫర్మానాలను, నాణేలను, చిత్రాలను ఈ సంస్థ సేకరించింది. సేకరించి మూల పడేయలేదు. ఒక్కొక్క రాతప్రతికి రచయిత ఎవరు, రాసినవారు ఎవరు, కాలం ఏది, ఎన్ని పుటలు అన్న వివరాలతో జోర్ సాహెబ్ స్వయంగా పట్టికలు తయారు చేశారు. అవి సంపుటాలుగా అచ్చయ్యాయి. ఇలాంటి పనికి చప్పట్లు రావు. చదివేవారు కూడా తక్కువే. కానీ తర్వాత దక్కనీ మీద పరిశోధన చేసినవారు ఆ సంపుటాలు తెరవకుండా ముందుకు పోలేరు.

1938 జనవరిలో సంస్థ తరఫున ఒక మాసపత్రిక మొదలైంది. దానికి సబ్‌రస్ అని పేరు పెట్టారు. అది 1635లో ముల్లా వజహీ గోల్కొండ దర్బారులో రాసిన దక్కనీ వచన గ్రంథం పేరు. పేరు పెట్టడంలోనే తాము ఎవరి వారసులమో చెప్పుకున్నారన్నమాట. సంస్థ ఉర్దూ పరీక్షలు కూడా నిర్వహించింది. బడికి పోలేని వారికి, ఇంటిపట్టున ఉండే స్త్రీలకు, చిన్న ఉద్యోగులకు ఆ పరీక్షలు చదువుకు ఒక దారి అయ్యాయి.

ఇక కులీ కుతుబ్ షా సంగతి. 1580 నుంచి 1612 వరకు పాలించి, 1591లో హైదరాబాద్‌కు పునాది వేసిన ఆ సుల్తాన్ ఉర్దూలో దీవాన్ గల తొలి కవి. సాలార్‌జంగ్ గ్రంథాలయంలోని రాతప్రతులను పరిశీలించి జోర్ సాహెబ్ ఆయన సమగ్ర కవిత్వాన్ని 1940లో ప్రచురించారు. అంతకు ముందు సుల్తాన్ కవి అని విన్నవారే ఎక్కువ, చదివినవారు తక్కువ. ఆ పుటల్లో రంజాన్ ఈద్ ఉంది, బసంత్ ఉంది, వానాకాలం ఉంది, తోటలూ పండ్లూ ఉన్నాయి, ఈ నేల ఆడపడుచుల అలంకారాలు ఉన్నాయి. పర్షియా తోటలను కాక తన కిటికీలోంచి కనబడిన దక్కనును ఒక సుల్తాన్ కవిత్వం చేశాడు. సుల్తాన్ సమాధి దగ్గర ఏటా ఆయన పేరిట ఉత్సవం జరిపే ఆనవాయితీ కూడా జోర్ సాహెబ్ చలవే. నగర ప్రణాళికలో సుల్తాన్‌కు కుడిభుజమైన పేష్వా మీర్ మొమిన్ జీవిత చరిత్రను కూడా ఆయన రాశారు. గోల్కొండ గాథలను కథలుగా మలిచి సామాన్యులకు అందించారు.

భాగమతి విషయంలో మాత్రం అందరూ ఆయనతో ఏకీభవించలేదు. భాగమతి నిజంగా ఉందని, ఆమె పేరు మీదనే నగరం భాగ్‌నగర్ అయిందని జోర్ సాహెబ్ నమ్మారు. ఫెరిష్తా వంటి ఆనాటి రచయితలు చెప్పిన మాటలు, సుల్తాన్ కవితల్లో కనిపించే ప్రేయసుల పేర్లు ఆయనకు ఆధారం. ప్రఖ్యాత చరిత్రకారులు హారూన్ ఖాన్ షేర్వానీ ఇది కట్టుకథ అన్నారు. ఆమె పేరున శాసనం లేదు, నాణెం లేదు, సమాధి లేదు కదా అన్నది ఆయన వాదం. ఇద్దరూ ఉస్మానియాలో పనిచేసినవారే, ఇద్దరూ ఈ నగరాన్ని ప్రేమించినవారే. మా మట్టుకు మాకు, కవితలోంచి చరిత్ర పిండడంలో జోర్ సాహెబ్ కాస్త చొరవ ఎక్కువే తీసుకున్నారనిపిస్తుంది. కవి ఊహించి రాసిన ప్రతి సుందరీ అంతఃపురంలో ఉండి తీరాలని లేదు. అయితే పిల్లల వ్యాసాల్లో ఈ వాదం జాడే ఉండదు. కథ నిజమని ఒకరు, అబద్ధమని మరొకరు బల్లగుద్ది రాస్తారు. ఇద్దరు పండితులు ఏ ఆధారాలతో తలపడ్డారో రాస్తే ఆ వ్యాసానికి ఎంత విలువ వచ్చేది!

1948 సెప్టెంబరు పోలీసు చర్య తర్వాత ఉర్దూకు రాజభాష హోదా పోయింది. ఉస్మానియాలో బోధన ఇంగ్లీషులోకి మారింది. నగరంలోని విద్యావంతుల కుటుంబాలు ఎన్నో కరాచీ దారి పట్టాయి. ఉర్దూ పండితునికి అక్కడ లభించగల గౌరవం జోర్ సాహెబ్‌కు తెలియనిది కాదు. ఆయన కదలలేదు. చాదర్‌ఘాట్ కాలేజీ ప్రిన్సిపాల్‌గా పనిచేస్తూ సంస్థను కాపాడుకున్నారు. భాషకు ప్రభుత్వ అండ పోయినప్పుడే దానికి సొంత ఇల్లు అవసరమవుతుంది. ఆ ఇంటికి పంజాగుట్టలో స్థలం ఇచ్చినవారు ఆయన సతీమణి తహనియతున్నిసా బేగం. ఆమె కూడా కవయిత్రి, నాత్‌లు రాసిన విదుషీమణి. ఆ స్థలంలో ఐవానె ఉర్దూ భవనం లేచింది. అప్పటి పంజాగుట్ట ఇప్పటిలా ఫ్లైఓవర్లతో, దుకాణాలతో కిక్కిరిసిన కూడలి కాదు, ఊరికి అంచు. ఇవాళ ఆ చుట్టుపక్కల గజం ధర ఎంతో మనకు తెలుసు. ఆ స్థలాన్ని రాతప్రతుల కోసం వదులుకున్నారు.

చివరి రోజుల్లో కాశ్మీర్ విశ్వవిద్యాలయం పిలుపు మేరకు ఉర్దూ శాఖ బాధ్యత స్వీకరించి శ్రీనగర్ వెళ్లారు. 1962 సెప్టెంబరు 24న అక్కడే కన్నుమూశారు. అప్పటికి అరవై ఏళ్లు కూడా నిండలేదు. గోల్కొండ మట్టిని అంతగా ప్రేమించిన మనిషికి ఖనన భూమి శ్రీనగర్‌లో రాసిపెట్టి ఉంది. ఆయన కూడబెట్టిన రాతప్రతులు మాత్రం పంజాగుట్టలోని ఆ భవనానికే చేరాయి.