హ్యూ కెయిర్న్స్

సర్ హ్యూ విలియం బెల్ కెయిర్న్స్ (జూన్ 26, 1896 - జూలై 18, 1952) ఆస్ట్రేలియాలో జన్మించి ఇంగ్లండులో స్థిరపడిన ప్రముఖ మెదడు శస్త్రచికిత్స నిపుణుడు. మోటారు సైకిలు నడిపేవారికి హెల్మెట్ ఎంత అవసరమో శాస్త్రీయంగా పరిశోధించినవారిలో ఈయన ఆద్యుడు.

బాల్యం, విద్యాభ్యాసం

కెయిర్న్స్ దక్షిణ ఆస్ట్రేలియాలోని పోర్ట్ పిరీ పట్టణంలో జన్మించాడు. అడిలైడ్ విశ్వవిద్యాలయంలో వైద్యవిద్య అభ్యసించాడు. మొదటి ప్రపంచ యుద్ధంలో సైనిక వైద్య విభాగంలో పనిచేశాడు. రోడ్స్ ఉపకార వేతనంపై 1919లో ఆక్స్‌ఫర్డ్‌లోని బాలియోల్ కళాశాలలో చేరాడు. 1926-27లో అమెరికాలోని బోస్టన్ నగరంలో హార్వే కుషింగ్ వద్ద మెదడు శస్త్రచికిత్సలో శిక్షణ పొందాడు. తిరిగివచ్చి లండన్ హాస్పిటల్‌లో ఆ శాఖను వృద్ధి చేశాడు. 1937లో ఆక్స్‌ఫర్డ్‌లో శస్త్రచికిత్స ఆచార్యుడయ్యాడు.

లారెన్స్ మరణం

'లారెన్స్ ఆఫ్ అరేబియా'గా ప్రసిద్ధుడైన టి.ఇ.లారెన్స్ 1935 మే 13న డోర్సెట్ ప్రాంతంలో తన బ్రఫ్ సుపీరియర్ మోటారు సైకిలుపై వెళుతూ, సైకిళ్ళపై ఉన్న ఇద్దరు బాలురను తప్పించబోయి పడిపోయాడు. అతని తలకు రక్షణ ఏదీ లేదు. చికిత్స కోసం పిలిపించిన వైద్యులలో కెయిర్న్స్ ఒకడు. స్పృహలోకి రాకుండానే మే 19న లారెన్స్ మరణించాడు. శస్త్రచికిత్సకు లొంగని ఇటువంటి గాయాలను ముందుగానే నివారించే మార్గంపై కెయిర్న్స్ తరువాతి కాలంలో దృష్టి పెట్టాడు.

హెల్మెట్ పరిశోధన

రెండవ ప్రపంచ యుద్ధకాలంలో ఆక్స్‌ఫర్డ్‌లోని సెయింట్ హ్యూస్ కళాశాల భవనంలో తలగాయాల సైనిక ఆసుపత్రి ఏర్పడింది. సందేశాలు చేరవేసే సైనికులు మోటారు సైకిళ్ళపై ప్రయాణించేవారు. యుద్ధం మొదలైన 21 నెలలలో బ్రిటన్‌లో మోటారు సైకిలు నడిపేవారు, వెనుక కూర్చున్నవారు కలిపి 2,279 మంది రోడ్డు ప్రమాదాలలో మరణించారు.

ఈ విషయంపై 1941 అక్టోబరులో కెయిర్న్స్ బ్రిటిష్ మెడికల్ జర్నల్‌లో వ్యాసం ప్రచురించాడు. అప్పటికి హెల్మెట్ ధరించి ప్రమాదానికి గురైనవారు ఆయన పరిశీలనలో ఏడుగురు మాత్రమే. ఆ ఏడుగురూ బ్రతికారు. ఆధారాలు కొద్దివే అయినా, విధులలో ఉన్న సైనికులు హెల్మెట్ ధరించాలని 1941 నవంబరులో సైన్యం ఆదేశించింది. దానితో మరింత సమాచారం సమకూడింది. 1943లో భౌతిక శాస్త్రవేత్త హోల్‌బోర్న్‌తో కలిసి కెయిర్న్స్ రెండవ వ్యాసం వెలువరించాడు. తల అకస్మాత్తుగా గిరుక్కున తిరిగినపుడు మెదడు ఎలా దెబ్బతింటుందో హోల్‌బోర్న్ జెలటిన్ నమూనాలతో వివరించాడు. 1946లో వచ్చిన మూడవ వ్యాసం మరణాల సంఖ్యలో వచ్చిన తగ్గుదలను చర్చించింది.

1943లో ఉత్తర ఆఫ్రికాలో, ఫ్లోరీతో కలిసి, యుద్ధ గాయాలపై పెన్సిలిన్ ప్రభావాన్ని కూడా కెయిర్న్స్ పరీక్షించాడు. 1946లో ఆయనకు 'సర్' బిరుదు లభించింది.

మరణం, తదనంతరం

కెయిర్న్స్ కాన్సరు వ్యాధితో 1952లో ఆక్స్‌ఫర్డ్‌లో మరణించాడు. బ్రిటన్‌లో పౌరులకు హెల్మెట్ తప్పనిసరి అయినది 1973లో, అంటే సైనిక ఆదేశం వచ్చిన 32 సంవత్సరాల తరువాత. భారతదేశంలో 1988 నాటి మోటారు వాహనాల చట్టంలోని 129వ సెక్షను ఈ నియమాన్ని విధించింది.

నేటి ప్రాముఖ్యత

ప్రమాదాన్నే తప్పించే సాంకేతిక పరికరాలు తరువాత వచ్చాయి. బ్రేకు వేసినపుడు చక్రం బిగుసుకుపోకుండా కాపాడే ఏబీఎస్‌ను 125 సీసీ మించిన ద్విచక్ర వాహనాలకు భారతదేశం 2019 ఏప్రిల్ నుండి తప్పనిసరి చేసింది. అయితే హఠాత్తుగా ఎదురువచ్చే వాహనం ముందు ఆగడానికి తగినంత దూరం లేకపోతే ఏబీఎస్ కూడా ఢీకొనడాన్ని ఆపలేదు. కార్లలోని స్వయంచాలక బ్రేకులను ద్విచక్ర వాహనాలకు యథాతథంగా అమర్చడం కష్టం. సీటు బెల్టు లేని చోదకుడు ఆ కుదుపుకు అదుపు తప్పి పడిపోవచ్చు. అందువలన ఇటువంటి పరికరాలు హెల్మెట్‌కు తోడు కాగలవే గాని ప్రత్యామ్నాయం కాలేవు. హోల్‌బోర్న్ గుర్తించిన తల భ్రమణాన్ని కొలిచే పరీక్ష, ఐక్యరాజ్య సమితి హెల్మెట్ ప్రమాణాల ఆరవ సవరణలో చేరింది.